భూమి పొరలు - ప్రాణుల కాలము

నూయి త్రవ్వునపుడు అడుగుపొర ముందును, మీదిపొర పిదపను ఏర్పడినవని మీరెరుగుదురు. తలక్రిందులు కాని శిలలకెల్ల నిదియే సూత్రము. అయినను దీనివలన పూర్వాపరములే కాని సంవత్సరములు తెలియవు.

కెనడాదేశమున న్యూఫౌండ్లాండు దీవియందు మిస్టేకెన్ పాయింట్ అను కొన కలదు. 1967లో శివబాలక్ మిశ్రా అను భారతీయ విద్యార్థి అచట ఆకులవంటి ప్రాణిముద్రలను కనుగొనెను. వీనిలో కొన్ని ఆదిమజంతువులని పలువురు పండితుల మతము. సముద్రగర్భమున నున్న ఆ జీవులను అగ్నిపర్వత భస్మము కప్పివేసినది. ఆ భస్మమే కాలమునకు సాక్షి. అందలి జిర్కాన్ అను సూక్ష్మస్ఫటికములు పుట్టునపుడు యురేనియమును గ్రహించును. సీసమును దాదాపు రానీయవు. పిమ్మట యురేనియము క్రమము తప్పక సీసముగా మారుచుండును. దాని ముఖ్యభేదము సగము మారుటకు సుమారు 447 కోట్ల యేండ్లు పట్టును. ఆ రెంటి పాళ్లను కొలిచి, అచటి ప్రసిద్ధ శిలాతలము సుమారు 56 కోట్ల 50 లక్షల యేండ్లనాటిదని తేల్చిరి.

తేదీలేని కాగితము రెండు తేదీగల దస్తావేజుల నడుమ కట్టలో దొరకినట్లు, రెండు భస్మపు పొరల నడుమనున్న ముద్రకాలము ఆ రెంటి మధ్యదే యగును. కట్ట విప్పి కలిపివేసినచో సాక్ష్యము చెడును. కావున రాతిలో నిట్టి ముద్ర కనబడినచో పెకలింపక, ఉన్నచోటనే యుంచి తెలిసినవారికి చూపుడు. పొర నుండి వేరైన ముద్ర తన కాలమును చెప్పజాలదు.