అంబులెన్సులో తొలి చికిత్స: అత్యవసర వైద్య టెక్నీషియన్లకు ఇచ్చే శిక్షణ, మౌలిక పరిజ్ఞానం

అంబులెన్సును రోగిని ఆసుపత్రికి చేర్చే వాహనంగా మాత్రమే చూడడం చాలాకాలం కొనసాగింది. 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో హైదరాబాద్ కేంద్రంగా 108 సేవలు ప్రారంభమైన తరువాత ఈ దృష్టి క్రమంగా మారింది. పైలట్‌గా వ్యవహరించే డ్రైవరుతో పాటు ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్ (ఇ.ఎం.టి.) కూడా వాహనంలో ఉండడం ఈ వ్యవస్థలోని ముఖ్యాంశం. 2014 జూన్ 2న రాష్ట్ర విభజన జరిగిన పిదప రెండు రాష్ట్రాలలోనూ 108 కొనసాగుతున్నది. వాహనాల సంఖ్య, వాటి కొనుగోలు వ్యయం తరచుగా వార్తలకెక్కుతుంటాయి. రోగి పక్కన కూర్చునే టెక్నీషియన్ ఏమి నేర్చుకుని వచ్చారన్న ప్రశ్న మాత్రం అరుదుగా వినిపిస్తుంది. మారుమూల గ్రామం నుంచి పెద్దాసుపత్రికి సాగే ప్రయాణంలో రోగికి అందే వైద్యమంతా ఆ ఒక్కరి చేతిలోనే ఉంటుంది.

పరీక్షలో క్రమం

శిక్షణకు పునాది రోగిని పరీక్షించే క్రమం. మొదట చూడవలసినది ఘటనాస్థలం. తెగిపడిన విద్యుత్తు తీగ, ఆగకుండా సాగే వాహనాలు, కారుతున్న ఇంధనం వంటి ప్రమాదాలను గమనించకుండా ముందుకు వెళ్ళిన టెక్నీషియన్ తానే క్షతగాత్రుడు కాగలడు. తరువాత ధారగా కారే రక్తాన్ని అదిమిపెట్టి ఆపడం, శ్వాసమార్గం, శ్వాస, రక్తప్రసరణ, స్పృహ స్థాయి వరుసగా పరిశీలించడం, చివరగా దుస్తులు తొలగించి దాగి ఉన్న గాయాలను వెదకడం జరగాలి.

ఈ వరుసకు కారణం కలదు. శ్వాసమార్గం పూర్తిగా మూసుకుపోయిన మనిషి కొద్ది నిమిషాలలోనే మరణించగలడు. కాలు విరిగిన మనిషికి సాధారణంగా అంతకంటె వ్యవధి ఉంటుంది. కనుక బిగ్గరగా కేకలు వేసే క్షతగాత్రుని కంటె నిశ్శబ్దంగా పడి ఉన్నవారినే ముందు చూడాలని బోధిస్తారు. కేక వేయగలుగుతున్నాడంటే ఆ క్షణానికి అతని శ్వాసమార్గం తెరిచి ఉన్నట్లే. స్పృహ స్థాయిని కొలవడానికి 1974లో రూపొందిన గ్లాస్గో కోమా స్కేలును వాడతారు. ఇందులో 15 పూర్తి స్పృహకు, 3 అతి తక్కువ స్థాయికి గుర్తు.

గుండె ఆగిన పెద్దవారికి నిమిషానికి 100 నుంచి 120 పర్యాయాలు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతున ఛాతీని అదమాలి. ప్రతి 30 అదుములకు 2 శ్వాసలు ఇవ్వాలి. ఈ అంకెలను కంఠస్థం చేయడం సులభమే. అయితే కదిలే వాహనంలో అలసిన చేతులతో అదే లోతును నిలబెట్టడం బొమ్మపై పదేపదే సాధన చేసినవారికే సాధ్యం.

ఇక్కడి గ్రామాలు నేర్పే పాఠాలు

పాఠ్యప్రణాళిక ఎక్కడ రూపొందినా, తెలుగు పల్లెలలోని టెక్నీషియన్‌కు పురుగుమందు, పాముకాటు, ప్రసవం నిత్యం ఎదురయ్యే అంశాలు. ఆర్గానోఫాస్ఫేట్ మందు సేవించిన వారిలో చొంగ, చెమట అధికంగా కారుతాయి. కంటిపాపలు సూదిమొన వలె చిన్నబడతాయి. ఊపిరితిత్తులలో స్రావాలు చేరుతాయి. బంధువులు ఉప్పునీరు తాగించి వాంతి చేయించే ప్రయత్నంలో ఉంటారు. స్పృహ తగ్గిన రోగికి ఆ వాంతి ఊపిరితిత్తులలోకి పోయే ప్రమాదం ఉన్నందున, ముందుగా దానిని మాన్పించాలి. విషం చర్మం గుండా కూడా లోనికి పోతుంది. కనుక చేతి తొడుగులు ధరించి, మందు తడిసిన దుస్తులు తీసివేసి, ఒళ్ళు కడిగి, గొంతులోని స్రావాలను తొలగించాలి. అట్రోపిన్ వంటి ఔషధాలకు వైద్యుని ఆదేశం అవసరం.

పాముకాటు విషయంలో చేయకూడనివే ఎక్కువ. కోయడం, నోటితో పీల్చడం, బిగించి కట్టడం తగదు. కాటుపడిన అవయవాన్ని బద్దతో కదలకుండా ఉంచి, కాటు జరిగిన సమయాన్ని నమోదు చేయాలి. కట్లపాము రాత్రివేళ నేలపై నిద్రించేవారిని కాటువేసినపుడు వాపు, నొప్పి దాదాపుగా లేకపోవచ్చు. తెల్లవారేసరికి కనురెప్పలు వాలిపోయి, మాట ముద్దగా మారితే, గాటు కనిపించకపోయినా అనుమానించాలి. అటువంటి రోగిని విషవిరుగుడు మందుతో పాటు కృత్రిమ శ్వాస సదుపాయం గల ఆసుపత్రికే తీసుకువెళ్ళాలి. సమీప ఆసుపత్రి అన్నివేళలా తగిన ఆసుపత్రి కాదు.

దారిలో ప్రసవమైతే శిశువును వెంటనే తుడిచి, తల్లి ఒంటికి ఆనించి వెచ్చగా కప్పాలి. మొదటి నిమిషంలో శ్వాస మొదలుకాకపోతే బ్యాగు, మాస్కుతో ఊపిరి అందించాలి. తల్లికి రక్తస్రావం 500 మిల్లీలీటర్లు మించడం ప్రమాద సూచన.

రోడ్డు పక్కన పడి ఉన్న వ్యక్తి మద్యం తాగాడని చుట్టూ ఉన్నవారు చెప్పినంత మాత్రాన దానిని నిర్ధారణగా తీసుకోరాదు. రక్తంలో చక్కెర డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కంటె బాగా పడిపోయిన మధుమేహ రోగి కూడా తూలుతాడు, తికమకగా మాట్లాడతాడు, పడిపోతాడు. చిన్న సూదిపోటుతో తెలిసే ఈ విషయాన్ని విస్మరించడం వల్ల తేలికగా కాపాడగల ప్రాణం పోయే అవకాశం కలదు.

పరిమితులు, గుర్తింపు

టెక్నీషియన్ వైద్యుడు కాడు. సందేహం కలిగినపుడు కాల్ సెంటరులోని వైద్యునితో ఫోనులో సంప్రదించాలి. చేసిన ప్రతి చర్యను, సమయంతో సహా, రోగి సంరక్షణ పత్రంలో రాయాలి. ఆసుపత్రిలో అప్పగింత సమయాన ఈ పత్రమే మాట్లాడుతుంది. కనుక దస్తూరి సైతం శిక్షణలో భాగమే అనవచ్చు.

వాహనానికి ఏఐఎస్-125 ప్రమాణాలు ఉన్నవి. అందులో పనిచేసే మనిషికి జాతీయ స్థాయి ప్రమాణం ఆలస్యంగా వచ్చింది. జాతీయ అనుబంధ, ఆరోగ్య పరిరక్షణ వృత్తుల కమిషన్ చట్టం, 2021 తన షెడ్యూలులో అత్యవసర వైద్య టెక్నాలజిస్టును చేర్చింది. ఈ చట్టం ప్రకారం అనుబంధ ఆరోగ్య వృత్తి అర్హతకు కనీసం 2,000 గంటల అధ్యయనం ఉండాలి. స్వల్పకాలిక శిక్షణతో విధులలో చేరి, ఏళ్ళ తరబడి పనిచేసినవారి అనుభవాన్ని ఈ కొలమానంలో ఎట్లు లెక్కించాలన్నది అధికారుల ముందున్న క్లిష్టమైన అంశం. వారికి పునశ్చరణ తరగతులు కూడా అంతే అవసరం. ఛాతీ అదిమే నైపుణ్యం సాధన లేకపోతే కొద్ది నెలలలోనే సన్నగిల్లుతుంది.