కోటలో జెండా, తోటవాకిట ప్లకార్డు

ఓరుగల్లు రాళ్ళకు మాటలాడే అలవాటు చాల పాతది. హనుమకొండ వేయిస్తంభాల గుడిలో కాకతి రుద్రదేవుడు 1163వ సంవత్సరమున నిలిపిన శాసనము నేటికిని చదువరుల కొరకు ఎదురుచూచుచున్నది. అతని తమ్ముని కుమారుడు గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున అభయశాసనము వేయించినాడు. గాలివానలకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకును ఇకమీదట రాజు లాగికొనడని, తగిన సుంకము మాత్రమే తీసికొనునని దేశాంతర వర్తకులకు అందులో మాట యిచ్చినాడు. నలుగురు మసలే చోట, నలుగురి కంట పడేటట్లు మాటను నిలబెట్టడమనే విద్య ఈ నేలకు అంతటి చిరపరిచితము.

అయితే ఆ మాట ఎల్లప్పుడును ఏలినవారిదే. శాసనమన్న పదమునకు ఆజ్ఞ యనియే అర్థము గదా! రాజు చెప్పిన దానికి ప్రజలు పలికిన మారుమాట ఏ రాతిమీదను కానరాదు. దానశాసనములలో కోమట్లు, కాపులు, నకరములవారు కనబడకపోరు. కనబడినా తాము ఇచ్చినది చెప్పుకొనుటకే గాని, తమకు రావలసినది అడుగుటకు కాదు. ప్రజ కూడ తన మాటను బహిరంగ స్థలమున నిలబెట్టవచ్చునన్న భావము ఈ ఊరికి ఇరవయ్యవ శతాబ్దిలో గాని రాలేదు. వచ్చినప్పుడు అది నెత్తురు చిందించి వచ్చినది.

నైజాము రాజ్యములో ‘గస్తీ నిషాన్ 53’ అనే ఉత్తరువు పేరు ఎరుగని పెద్దలు ఆనాడు లేరు. గస్తీ యనగా సర్కారు వారి సర్క్యులరు. సభ జరుపదలచినవారు ముందుగా అనుమతి పొందవలెననుట దాని సారాంశము. అనుమతి ఇచ్చుటకు గాని నిరాకరించుటకు గాని కొలబద్ద ఏదియు లేదు. అధికారి మనస్సే కొలబద్ద. ఆ ఉత్తరువు నీడలోనే 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన మొదటి నిజాం రాష్ట్రాంధ్ర మహాసభ జరిగినది. 1904లోనే హనుమకొండలో వెలసిన శ్రీ రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయము వంటి సంస్థలు తెలుగు పుస్తకమును నలుగురిముందు చదువుకొనే చోటును సంపాదించి పెట్టుటయే ఆ రోజులలో ఒక సాహసము.

1943లో హైదరాబాదున పుట్టిన ఆంధ్ర సారస్వత పరిషత్తు తన మొదటి వార్షికోత్సవమును 1944లో వరంగల్లు కోటలో జరుపబూనినది. సభ కేవలము సాహిత్యసభ. పద్యములు, ప్రసంగములు తప్ప మరొకటి లేదు. అయినను రజాకార్లు పందిరికి నిప్పు పెట్టినారు. కాళోజీ నారాయణరావు గారు తదితరులు వెనుకకు తగ్గలేదు. సభ జరిగి తీరినది, యువకుడైన దాశరథి కవిత్వము వినిపించినాడు. పందిరి కాలిన చోట కవిసమ్మేళనము జరుపుటలో ఉన్న అర్థమును వివరించనక్కరలేదు. మాటకు చోటు కావలెను. ఆ చోటునే తగులబెడితే మాట దానంతట అదే ఆగునని శత్రువుల లెక్క.

రెండేండ్లు గడచినవి. 1946 ఆగస్టు 11వ తేదీన అదే కోటలో మూడువన్నెల జెండాను ఎగురవేసినారు. రజాకార్లు విరుచుకొనిపడినారు. కోటలోనే నివసించే గీతకార్మిక కుటుంబమువాడు బత్తిని మొగిలయ్య వారికి ఎదురు నిలిచి ప్రాణము విడిచినాడు. మొగిలయ్య ఉపన్యాసకుడు కాడు, కరపత్రము వ్రాసినవాడు కాడు. ఒక గుడ్డముక్క గాలిలో ఉండవలెనా, నేల రాలవలెనా అన్న ప్రశ్నకు తన దేహముతో సమాధానము చెప్పినాడు. జెండా కట్టే యత్నములలో పాలుపంచుకొన్నందుకు కాళోజీ గారికి నగర బహిష్కరణ ప్రాప్తించినది. నోరు మూయించుటకు మనిషిని ఊరి బయటికి పంపడము పాతకాలపు పద్ధతి. ఊరి బయట మాటలాడుకొమ్మనుట నేటి పద్ధతి. ఆ సంగతి ముందు రానున్నది.

తరువాత దేశము స్వతంత్రమైనది. హైదరాబాదు రాజ్యము 1948 సెప్టెంబరులో భారత యూనియనులో కలిసినది. 1950లో రాజ్యాంగము వచ్చినది. పందొమ్మిదవ అధికరణము మొదటి ఖండములో భావప్రకటన స్వాతంత్ర్యమును, దాని ప్రక్కనే ఆయుధములు లేకుండ శాంతముగా సమావేశమయ్యే స్వాతంత్ర్యమును చెప్పి, ఆ వెంటనే వాటికి సమంజసమైన హద్దులు పెట్టవచ్చునని చెప్పినారు. ఇక్కడ ఒక విడ్డూరము చెప్పక తప్పదు. మొగిలయ్య ఏ మూడువన్నెల పతాకము కొరకు ప్రాణమిచ్చినాడో, దాని వారసురాలైన జాతీయ పతాకమును స్వతంత్ర భారత పౌరుడు తన ఇంటిమీద ఏడాది పొడుగునా ఎగురవేసికొనుటకు 2002 జనవరి 26 వరకు ఆగవలసి వచ్చినది. అంతకు మునుపు పండుగరోజులలో తప్ప సామాన్యునికి ఆ భాగ్యము లేదు. నవీన్ జిందాల్ అనే పారిశ్రామికుడు తన కర్మాగారము మీద కట్టిన జెండాను అధికారులు కాదనగా న్యాయస్థానమునకు వెళ్ళినాడు. గౌరవముతో జెండా ఎగురవేయుట భావప్రకటనలో భాగమేనని, అది ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు 2004 జనవరిలో తీర్పు చెప్పినది. కోటలోని ప్రశ్నకు న్యాయస్థానము నుండి జవాబు వచ్చుటకు యాబదియెనిమిదేండ్లు పట్టినది.

జెండా మాట తేలినది. మరి అట్టముక్కమీద అక్షరముల మాటేమిటి? ఏకశిలా పార్కు ఎరుగని హనుమకొండ వాసి ఉండడు. బాలసముద్రమున, కలెక్టరు కచేరీకి దగ్గరలో ఉండుట వలన ఆ పార్కు పరిసరములు ఏండ్ల తరబడి ధర్నాలకు, రిలే నిరాహారదీక్షలకు ఆటపట్టు. జీతము రానివారు, భూమి పోయినవారు, పరీక్ష వ్రాసి ఫలితమునకు ఎదురుచూచేవారు ఒక చాప, ఒక షామియానా, చేతిలో ప్లకార్డు పట్టుకొని అక్కడ కూర్చుండుట ఊరికి అలవాటైన దృశ్యము. ఆ తోటకే తరువాత ఆచార్య కొత్తపల్లి జయశంకర్ పేరిట స్మృతివనమని నామకరణము చేసినారు. జయశంకర్ గారు విద్యార్థిగా ఉన్నప్పుడు నిజామును కీర్తించే పాట పాడుమంటే పాడక వందేమాతరము పాడినారన్న కథ ఈ ప్రాంతమున ఇంటింటా చెప్పుకొంటారు. తోటకు తగిన పేరే పెట్టినారనవలెను.

పార్కు పురపాలక సంస్థ ఆస్తి. ఆస్తి నాది గనుక నీ ప్లకార్డు వద్దని సంస్థ అనవచ్చునా? ఈ ప్రశ్నను అమెరికాలో 1939లో గట్టిగా అడిగినారు. జెర్సీ సిటీ నగరాధిపతి ఫ్రాంక్ హేగ్ కార్మిక సంఘములవారిని వీధులలోను, ఉద్యానములలోను సభ చేయనీయలేదు. వీధులు, తోటలు ఎవరి పేరున ఉన్నను అవి అనాదిగా ప్రజలు కూడుకొనుటకు, ఒకరితో ఒకరు ముచ్చటించుకొనుటకు నిక్షేపముగా ఉంచబడిన ధనమేనని ఆ దేశపు సుప్రీంకోర్టు న్యాయమూర్తి రాబర్ట్స్ అభిప్రాయము వ్రాసినాడు. అంతకు ముందే లండనులో 1866లో హైడ్ పార్కు గేట్లు మూసివేయగా జనము కమ్ములు విరిచి లోపలికి వెళ్ళినది. 1872లో పార్లమెంటు చట్టము చేసి కొంత దారి ఇచ్చినది. నేడు వక్తల మూల అని యాత్రికులకు చూపించే స్థలమునకు వెనుక విరిగిన కమ్ముల చరిత్ర ఉన్నది.

మన దేశములోను వ్యాజ్యములు నడచినవి. 1962లో కామేశ్వర ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు ప్రదర్శన కూడ ఒక విధమైన పలుకేనని అంగీకరించినది. నోటితో చెప్పినా, చేష్టతో చూపినా మనసులోని భావము ఎదుటివానికి చేరుటయే గదా ప్రకటన! అంతకన్న ముఖ్యమైనది అహమ్మదాబాదు నుండి వచ్చిన హిమత్‌లాల్ షా కేసు. 1969లో విద్యార్థుల సభకు పోలీసు కమిషనరు అనుమతి నిరాకరించినాడు. 1972లో రాజ్యాంగ ధర్మాసనము తీర్పు చెప్పినది. వీధులలో సభలను క్రమపరచవచ్చును, వేళను, స్థలమును నిర్ణయించవచ్చును, బొత్తిగా కాదనరాదు. ఏ సూత్రమును చెప్పకుండ అధికారి ఇష్టమునకు వదలివేసిన నియమము చెల్లదు. న్యాయమూర్తి మాథ్యూ వేరుగా వ్రాసిన అభిప్రాయములో ఆ జెర్సీ సిటీ తీర్పును తలచుకొన్నాడు. ఈ తీర్పును చదివినప్పుడు తెలంగాణము వానికి గస్తీ నిషాన్ 53 గుర్తుకు రాక మానదు. కొలబద్ద లేని అనుమతియే అక్కడి రోగము, ఇక్కడి రోగమును.

ఇంతటితో కథ ముగిసినదనుకొంటే పొరపాటు. 2017లో హైదరాబాదున ఇందిరా పార్కు ప్రక్కనున్న ధర్నా చౌకును ప్రభుత్వము మూసివేసినది. ట్రాఫిక్కు చిక్కులు, చుట్టుప్రక్కల ఇండ్లవారి ఇబ్బంది కారణములుగా చెప్పినారు. నగరము వెలుపల వేరే స్థలములు చూపినారు. అడవిలో ధర్నా చేసినవాని గోడు నెమళ్ళకు వినబడునేమో గాని మంత్రులకు వినబడదని జనము నవ్వుకొన్నారు. అదే ఏడు మే 15న అక్కడ ఘర్షణ జరిగినది. 2018లో హైకోర్టు జోక్యముతో ఆ చోట తిరిగి ధర్నాలకు వీలు కలిగినది. 2021 నవంబరు 18న వడ్ల కొనుగోలు విషయమై కేంద్రము మీద నిరసనగా ఆనాటి ముఖ్యమంత్రియే ఆ ధర్నా చౌకులో మహాధర్నాకు కూర్చున్నారు. మూసిన తలుపే తట్టవలసి వచ్చినది! అధికారము చేతులు మారునని తెలిసినవారు తలుపులు మూయుటకు ముందు ఒకమారు ఆలోచించుకొందురు.

ఎదుటి పక్షమువారి మాటలో నిజము లేకపోలేదు. పార్కు ముసలివారు గాలి పీల్చుకొనుటకు, పిల్లలు ఊయలలూగుటకు ఏర్పడినది. మైకులు పొద్దస్తమానము మ్రోగుచుండగా పరీక్షకు చదువుకొనే పిల్లవాని గతి ఏమి కావలె? ఢిల్లీ జంతర్ మంతర్ వద్ద ఈ ధ్వని కారణముగానే హరిత న్యాయాధికరణము 2017లో ధర్నాలను నిషేధించినది. 2018 జులైలో సుప్రీంకోర్టు ఆ సంపూర్ణ నిషేధమును త్రోసిపుచ్చి, ఇరుపక్షములకు సరిపడే నియమములు చేయుమని పోలీసులను ఆదేశించినది. 2020 అక్టోబరులో షాహీన్ బాగ్ విషయమున మాత్రము దారిని నిరవధికముగా ఆక్రమించుట హక్కు కాదని చెప్పినది. రెండు తీర్పులను ప్రక్కప్రక్కన పెట్టి చూస్తే విరోధము లేదు. ఒకటి గొంతు నులుముటను కాదన్నది, మరొకటి దారి మూయుటను కాదన్నది.

అయితే మైకు వేరు, ప్లకార్డు వేరు. మైకు వినదలచనివాని చెవిలోను దూరును. ప్లకార్డు చదువదలచినవానికే మాటలాడును. కన్ను త్రిప్పుకొంటే అంతటితో సరి. ఇంత నెమ్మదైన పలుకు మరొకటి లేదు. చేతిలో పట్టుకొన్న అట్టకు గోడ అక్కరలేదు, గుంజ అక్కరలేదు. మనిషి లేచి వెళ్ళిపోతే అదియు వెళ్ళిపోవును. దానిని కూడ ‘పార్కు అందమునకు భంగము’ అనేవారు ఒక్కసారి హనుమకొండ చౌరస్తా వైపు తలయెత్తి చూడవలెను. జన్మదిన శుభాకాంక్షలు, పదవీ స్వీకార శుభాకాంక్షలు, పండుగ శుభాకాంక్షలు; నిలువెత్తు ఫ్లెక్సీలు, ఒక్కొక్కదానిలో డజను నవ్వుమొగములు. బహిరంగ ప్రదేశములను వికారపరచరాదని 1997లో చేసిన చట్టము ఈ రాష్ట్రమునకును వర్తించును. అనుమతి లేక గోడమీద వ్రాసినా, బోర్డు కట్టినా అది నేరమే. ఆ చట్టము ఫ్లెక్సీ దగ్గర కునుకు తీయుచు, ప్లకార్డు దగ్గర మేలుకొనుట ఏ న్యాయమో తెలియదు. ఫ్లెక్సీ నేటి శాసనము. ఏలినవారి మాట, లేదా ఏలదలచినవారి మాట. ప్లకార్డు పాలితుని మారుమాట.

గోడ సైతము లేనివానికి గోడ ఎంత అవసరమో దాశరథి జీవితమే చెప్పును. నిజామాబాదు చెరలో కాగితము, కలము లేక ఆయన బొగ్గుతో గోడలమీద పద్యములు వ్రాసినాడు. చెరలోని గోడ సర్కారు ఆస్తియే. ఆ వ్రాత ఆనాటి చట్టము దృష్టిలో ఆస్తిని పాడుచేయుటయే. నేడు ఆ పద్యములు పాఠ్యపుస్తకములలో ఉన్నవి.

ధర్నాకు అనుమతి కోరే దరఖాస్తులను వరంగల్లులో నేడు పోలీసు కమిషనరేటు వారు చూచుచున్నారు. ఊరేగింపులు, సభలు ముందస్తు అనుమతి లేక జరుపరాదని ‘సిటీ పోలీసు చట్టము’ పేరు చెప్పి వెలువడే ప్రకటనలు పత్రికలు చదివేవారికి పరిచితములే. ఆ చట్టము పూర్తి పేరు హైదరాబాదు సిటీ పోలీసు చట్టము, 1348 ఫసలీ. నిజాము దర్బారు వాడుకొన్న ఆ ఫసలీ లెక్కను మన లెక్కలోనికి మార్చిచూస్తే 1938-39. పందిరి కాలుటకు ఐదేండ్లు ముందు, మొగిలయ్య నేలకొరుగుటకు ఏడేండ్లు ముందు.