వెండి పెన్నీపై కమ్మటీని పేరు

పూర్వకాలమున నాణెపు విలువ అందలి లోహమునుబట్టి యుండెడిది. కావున నాణెముపై రాజు తన ముద్ర వేయుట, ఇందు ఇంత వెండి కలదని ప్రజకు మాట యిచ్చుటయే. ఆ మాట ఎట్లు నిలుచునో, ఎట్లు తప్పునో తెలుపుటకు మధ్యయుగపు ఇంగ్లండున చెలామణియైన వెండి పెన్నీ మంచి సాక్షి.

క్రీ. శ. 8వ శతాబ్దిలో మెర్సియా రాజైన ఆఫా కాలమున ఈ పలుచని పెన్నీ ఆ దేశమున స్థిరపడినది. 240 పెన్నీలు ఒక పౌను. ఒక్కొక్కటి రమారమి గ్రామున్నర బరువు తూగెడిది. దానిని చేయు విధము సరళము. రెండు ఇనుప అచ్చులలో ఒకదానిని కొయ్యదిమ్మలో దిగగొట్టి, దానిపై గుండ్రని వెండిబిళ్ళ నుంచి, మీద రెండవ అచ్చు నిలిపి, సుత్తితో కొట్టెడివారు. ఒకవైపు రాజు ముఖమును, మరొకవైపు శిలువయు దిగును. చేతిదెబ్బ గావున ఏ రెండు నాణెములును అచ్చముగ ఒక్కతీరున నుండవు. ఒకదానిలో కిరీటము ప్రక్కకు జరిగియుండును; వేరొకదానిలో సగము అక్షరములే పడును.

శిలువ చుట్టును ఊరి పేరుతోపాటు, నాణెము వేయించిన కమ్మటీని పేరును ఉండెడిది. ఆ పేరు వానికి పూచీ. వెండి తగ్గినచో ఎవనిని పట్టవలెనో నాణెమే చెప్పును. 1124లో మొదటి హెన్రీ, నాణెములు చెడినవని ఆగ్రహించి, దేశమందలి కమ్మటీండ్రను క్రిస్మసునాటికి వించెస్టరుకు రప్పించి, వారి కుడిచేతులు నరికించెనని ఆంగ్లో–సాక్సన్ వృత్తాంతము చెప్పుచున్నది.

కమ్మటీని చేయి శుద్ధముగ నున్నను, బజారులోని కత్తెర ఊరకుండదు. నాణెపు అంచులను సన్నముగ కత్తిరించి, ఆ వెండిపొడిని కరగించుకొనువారు బయలుదేరిరి. చిల్లరకై పెన్నీని శిలువ గీతవెంట రెండుగను నాలుగుగను ఖండించుట వాడుకలో నుండుటచే, నిండు నాణెమేదో, కోతపడినదేదో సామాన్యునకు తెలియుట కష్టము. మూడవ హెన్రీ 1247లో శిలువ చేతులను అంచువరకు సాగదీయించెను. ఆ కొనలు కనబడనిచో నాణెము కోతపడినదని అర్థము.

అయినను కోత ఆగలేదు. 1278లో మొదటి ఎడ్వర్డు ఈ నేరము మోపి ఆరువందలకు పైగా యూదులను చెరబట్టించెను; వారిలో అనేకులు ఉరికంబ మెక్కిరి. అదే నేరమున పట్టుబడిన క్రైస్తవులలో పెక్కుమంది జరిమానాలతో బయటపడిరి. నాణెము చెడినప్పుడు లోకము దోషిని వెదకుటకు బదులు దుర్బలుని వెదకుట అప్పుడే కనబడుచున్నది. 1290లో యూదులందరును ఆ దేశమునుండి వెడలగొట్టబడిరి.

1279లో వచ్చిన క్రొత్త నాణెములపై కమ్మటీని పేరు దాదాపుగా మాయమై ఊరి పేరు మిగిలినది. వ్యక్తి పూచీకి మారుగా వ్యవస్థ పూచీ వచ్చినది. టంకశాలనుండి కొన్ని నాణెములను పెట్టెలో దాచి, పలువురి యెదుట బరువును మేలిమిని పరీక్షించు ఆచారము ఆ శతాబ్దిలోనే నెలకొన్నది. పిక్స్ పరీక్ష యను పేర నేటికిని ఏటేట లండనులో జరుగుచున్నది.

సుత్తి నాణెముల పని 1662లో ముగిసినది. యంత్రముతో అచ్చొత్తి, అంచున గీట్లు వేసిన నాణెములు వచ్చినవి. పాతవి చెలామణినుండి తొలగుటకు 1696 దాక పట్టినది. అంచుపై గీట్లున్నచో కత్తెర జాడ పసివానికైనను తెలియును. నరికిన చేతులును, బిగిసిన ఉరిత్రాళ్ళును ఆపలేని కోతను ఆపినవి ఆ చిన్న గీట్లే.