కంప్యూటర్ ఇచ్చాం, కాపలా ఎవరు చూస్తారు?

గత సంవత్సరం దాతలు ఇచ్చిన డబ్బుతో మన ట్యూషన్ కేంద్రానికి ఒక పాత కంప్యూటర్ కొన్నాం. మంగంపేట చుట్టుపక్కల పిల్లలు స్కాలర్‌షిప్ దరఖాస్తు కోసం రైల్వేకోడూరు దాకా పోయి నెట్ సెంటర్ ముందు నిలబడకూడదని మన ఉద్దేశం. ఆ కంప్యూటర్‌తో వచ్చిన ఒక చిక్కును, దాని నుంచి నేర్చుకున్నదాన్ని ఇక్కడ చెబుతున్నాను.

ఇంటర్ చదివే ఒక అమ్మాయి దరఖాస్తుకు రెండు రోజులే గడువుంది. సైట్ తెరిస్తే ఎర్ర తెర: ‘ఇది సురక్షితం కాదు, ఆపివేశాం.’ ఆపింది మనం ఏటా డబ్బు కట్టే యాంటీవైరస్. నా ఫోన్‌లో అదే సైట్ తెరుచుకుంది. కానీ స్కాన్ చేసిన పత్రాలన్నీ కంప్యూటర్‌లోనే ఉన్నాయి.

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి, ఆ తర్వాత పాట. ముప్పావు గంటకు ఒకరు పలికి ఈమెయిల్ పంపమన్నారు. పంపితే టికెట్ నంబరు వచ్చింది గానీ జవాబు రాలేదు. మరునాడు వేరొకరు ఎత్తి, మొదటి నుంచి అవే ప్రశ్నలు అడిగి, చివరకు ‘యాంటీవైరస్ తీసేయండి సార్’ అన్నారు. కాపలాకు డబ్బు తీసుకున్నవారే కాపలా తీసేయమంటే ఏమనాలి?

చివరకు ఆ అమ్మాయే కనిపెట్టింది. ‘సార్, ఇందులో తేదీ తప్పుంది’ అంది. తెర మూలన 2010 సంవత్సరం కనిపిస్తోంది. తేదీ సరిచేయగానే సైట్ తెరుచుకుంది. దరఖాస్తు గడువులోపే పోయింది.

కారణం ఇది. ప్రతి సురక్షిత సైట్‌కు ఒక ఎలక్ట్రానిక్ సర్టిఫికెట్ ఉంటుంది. బండి ఇన్సూరెన్స్ కాగితంలాగే దానికీ మొదలు తేదీ, చివరి తేదీ ఉంటాయి. యాంటీవైరస్ ఆ తేదీలను కంప్యూటర్ గడియారంతో పోల్చి చూస్తుంది. కరెంటు లేనప్పుడు ఆ గడియారాన్ని నడిపేది లోపలున్న బిళ్ళంత బ్యాటరీ. అది అయిపోతే గడియారం ఏళ్ళ వెనక్కి పోతుంది. అప్పుడు ఇవాళ్టి సర్టిఫికెట్ ఇంకా మొదలుకానట్టు కనిపించి, సైట్ ఆగిపోతుంది. సాధారణంగా వాడే సీఆర్ 2032 బ్యాటరీ ధర ఒక ప్లేటు బిర్యానీ అంత కూడా ఉండదు.

ఇంకో రెండు కారణాలు ఉండవచ్చు. కంపెనీలు తయారుచేసే ప్రమాదకర సైట్ల జాబితాలో ఒక్కోసారి మంచి సైటు కూడా పొరపాటున చేరుతుంది. ఒక్కోసారి మంచి సైట్‌లోనే నిజంగా వైరస్ దూరి ఉంటుంది. అందుకే తొందరపడి యాంటీవైరస్ తీసేయకూడదు. ముందు తేదీ చూడండి. తర్వాత ఆ సైట్ చిరునామాను ‘వైరస్‌టోటల్’ అనే ఉచిత సైట్‌లో వేయండి. పదుల కంపెనీల అభిప్రాయం ఒకేచోట కనిపిస్తుంది. మీ కంపెనీ ఒక్కటే చెడ్డదంటే బహుశా పొరపాటే. ఆ సంగతి వారికి రాసి, సరిచేయమని అడగండి.

విసుగుతో గూగుల్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతకడం అన్నిటికన్నా ప్రమాదం. అక్కడ దొంగ నంబర్లు కూడా ఉంటాయి. 2023 అక్టోబరులో సీబీఐ ‘ఆపరేషన్ చక్ర-2’ పేరిట 76 చోట్ల సోదాలు చేసింది. పెద్ద కంపెనీల టెక్ సపోర్ట్ పేరుతో మోసం చేసే కాల్ సెంటర్లు కూడా అందులో బయటపడ్డాయి. నంబరును కొన్న డబ్బా మీద గానీ, ప్రోగ్రాం లోపల గానీ చూసి తీసుకోండి. తెలియనివారు ‘ఎనీడెస్క్’ వంటి యాప్ వేసుకోమంటే ఫోన్ పెట్టేయండి. డబ్బు పోతే వెంటనే 1930కు ఫోన్ చేయండి.

దాతలకు ఒక మనవి. విండోస్ 10, 11లలో ‘డిఫెండర్’ అనే యాంటీవైరస్ ఉచితంగానే ఉంటుంది. అయితే విండోస్ 10కు మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ముగిశాయి. పాత కంప్యూటర్ ఇచ్చేముందు ఇది చూడండి. దానితోపాటు ఏడాది నిర్వహణకు కొంత డబ్బు, నెలకోసారి వచ్చి చూసే మనిషిని కూడా ఏర్పాటు చేయండి. మీరిచ్చింది మా దగ్గర అమానత్. ఒక చిన్న బ్యాటరీ వల్ల ఒక బిడ్డ చదువు ఆగిపోకూడదు.