పట్టుదారం చెప్పిన పాఠం

ధర్మపురి పట్టణంలో ప్రభుత్వ పట్టుగూళ్ల అంగడి ఉంది. రైతులు మల్బరీ ఆకు మేపి పెంచిన పట్టుపురుగుల గూళ్లను అక్కడికి తెచ్చి అమ్ముతారు. ఆ గూళ్లను వేడినీటిలో వేసి దారం తీస్తారు. ఒక్కొక్క గూటి నుండి వందల మీటర్ల సన్నని దారం వస్తుంది. చీరలకూ పంచెలకూ పనికివచ్చే ఈ దారం ఒకప్పుడు విజ్ఞానశాస్త్రానికి ఒక గొప్ప పాఠం నేర్పింది. ఆ పాఠం విద్యుత్తును గురించినది. దానిని తెలుసుకోవడానికి ముందుగా ఒక చిన్న ప్రయోగం చేద్దాం.

నూనె రాయని, బాగా ఆరిన జుట్టును ప్లాస్టిక్ దువ్వెనతో పది పన్నెండు సార్లు దువ్వండి. వెంటనే ఆ దువ్వెనను చిన్న చిన్న కాగితపు ముక్కల దగ్గరికి తీసుకొని రండి. ముక్కలు ఎగిరివచ్చి దువ్వెనకు అంటుకుంటాయి. దువ్వెనకు ఈ శక్తి ఎక్కడి నుండి వచ్చింది?

ప్రతి వస్తువూ పరమాణువులతో ఏర్పడింది. పరమాణువు నడుమ కేంద్రకం ఉంటుంది. అందులోని ప్రోటాన్లకు ధనావేశం ఉంటుంది. కేంద్రకం చుట్టూ ఉండే ఎలక్ట్రాన్లకు ఋణావేశం ఉంటుంది. మామూలుగా ఈ రెండూ సరిసమానంగా ఉంటాయి కాబట్టి వస్తువుకు ఆవేశం ఉన్నట్లు కనిపించదు. రెండు వస్తువులను రుద్దినప్పుడు ఒకదాని నుండి కొన్ని ఎలక్ట్రాన్లు రెండవదానికి చేరుతాయి. ఎలక్ట్రాన్లను పోగొట్టుకున్న జుట్టుకు ధనావేశం, పొందిన దువ్వెనకు ఋణావేశం వస్తాయి. గాజుకడ్డీని పట్టుగుడ్డతో రుద్దితే గాజుకు ధనావేశం, పట్టుకు ఋణావేశం వస్తాయి. రుద్దడం వల్ల ఆవేశం కొత్తగా పుట్టదు. అది చోటు మారుతుంది, అంతే. ఇలా వస్తువుపై నిలిచి ఉండే ఆవేశాన్ని స్థిర విద్యుత్తు అంటారు.

ఒకే జాతి ఆవేశాలు ఒకదానినొకటి దూరంగా నెట్టుకుంటాయి. భిన్నజాతి ఆవేశాలు దగ్గరికి లాక్కుంటాయి. మరి, మనం రుద్దని కాగితపు ముక్క ఎందుకు అంటుకుంది? దువ్వెనలోని ఋణావేశం కాగితంలోని ఎలక్ట్రాన్లను కొద్దిగా అవతలికి నెడుతుంది. అందువల్ల కాగితంలో దువ్వెనకు దగ్గరగా ఉన్న వైపు ధనావేశం తేలుతుంది. దువ్వెన దానిని లాగుతుంది.

ఈ ఆకర్షణ చాలాకాలంగా మనుషులకు తెలుసు. చెట్టు బంక యుగాల తరబడి భూమిలో ఉండి గట్టిపడగా ఏర్పడే ఒక పసుపుపచ్చని పదార్థం ఉంది. దానిని ఉన్నిగుడ్డతో రుద్దితే గడ్డిపోచలను ఆకర్షిస్తుంది. అందుకే సంస్కృతంలో దానికి తృణమణి అనే పేరు వచ్చింది. తృణమంటే గడ్డిపోచ. గ్రీకులు దానిని ఎలక్ట్రాన్ అన్నారు. ఆ పేరునే నేటి శాస్త్రజ్ఞులు ఋణావేశ కణానికి పెట్టుకున్నారు. అయితే ఆవేశం ఒక చోటి నుండి మరొక చోటికి ప్రయాణం చేయగలదని 18వ శతాబ్దం దాకా స్పష్టంగా తెలియలేదు.

దానిని కనుగొన్నవాడు ఇంగ్లండు దేశస్థుడైన స్టీఫెన్ గ్రే. ఆయన వృత్తి బట్టలకు రంగులద్దడం. 1729వ సంవత్సరంలో ఆయన ఒక గాజుగొట్టాన్ని రుద్ది, దానికి పొడవైన నారతాడు కట్టి, తాడు చివర ఏనుగుదంతపు బంతిని వేలాడదీశాడు. గొట్టంలోని ఆవేశం తాడు వెంట పోయి, బంతి కింద ఉంచిన పలుచని ఇత్తడి రేకు ముక్కలను లాగింది. మేడ మీది నుండి తాడును నిలువుగా వేలాడదీసినప్పుడు ప్రయోగం చక్కగా జరిగింది. కాని తాడును అడ్డంగా సాగదీసి, మరొక నారతాడుతో దూలానికి కట్టగానే బంతి పనిచేయడం మానేసింది. ఆవేశం దూలంలోకి పోయిందని గ్రే ఊహించాడు.

అప్పుడు ఆయన మిత్రుడు గ్రాన్‌విల్ వీలర్ తాడుకు ఆధారంగా పట్టుదారం కడదామన్నాడు. పట్టుదారం సన్ననిది కనుక దాని గుండా ఆవేశం అంతగా జారిపోదని వారు అనుకున్నారు. అలాగే కట్టారు. ప్రయోగం ఫలించింది. తాడు పొడవు పెంచుతూ పోగా, ఆ బరువుకు పట్టుదారం తెగిపోయింది. గట్టిగా ఉంటుందని దాని స్థానంలో సన్నని ఇత్తడి తీగ కట్టారు. తీగ తెగలేదు, కాని బంతికి ఆవేశం చేరలేదు! ఆవేశమంతా తీగ గుండా జారిపోయింది. తీగ కూడా సన్ననిదే. కాబట్టి ఆవేశాన్ని ఆపింది పట్టుదారం సన్నదనం కాదు, అది పట్టు కావడమే అని వారికి తెలిసింది. మళ్లీ పట్టుదారమే కట్టి, 600 అడుగులకు మించిన దూరం ఆవేశాన్ని పంపగలిగారు. తాము అనుకున్నది తప్పని ప్రయోగం చూపినప్పుడు దానిని వారు ఒప్పుకున్నారు. శాస్త్రం పెరిగేది ఇలాగే. 1731లో లండన్ రాయల్ సొసైటీ గ్రేకు కోప్లీ పతకం ఇచ్చి గౌరవించింది. ఆ పతకం పొందిన మొదటివాడు ఆయనే.

ఆవేశాన్ని తమ గుండా సులభంగా పోనిచ్చే పదార్థాలను విద్యుద్వాహకాలు అంటారు. రాగి, ఇత్తడి, ఇనుము, అల్యూమినియం వంటి లోహాలు వాహకాలు. వీటిలో కొన్ని ఎలక్ట్రాన్లు స్వేచ్ఛగా తిరుగుతాయి. ఆవేశాన్ని సులభంగా పోనివ్వని పదార్థాలను విద్యుద్బంధకాలు అంటారు. ఎండిన పట్టు, గాజు, రబ్బరు, ప్లాస్టిక్, పింగాణీ బంధకాలు. వీటిలో ఎలక్ట్రాన్లు తమ తావు విడిచి సులభంగా పోలేవు. నాడు పట్టుదారం చేసిన పనినే నేడు కరెంటు స్తంభాల మీది పింగాణీ చేస్తున్నది. తీగను మోస్తూనే, విద్యుత్తు స్తంభంలోకి దిగకుండా ఆపుతున్నది. అయితే మామూలు నీటిలో లవణాలు కరిగి ఉంటాయి కాబట్టి అది వాహకమే. పట్టు తడిస్తే దాని గుండా ఆవేశం పోతుంది. తడి చేతులతో స్విచ్చి ముట్టరాదని పెద్దలు చెప్పేది ఇందుకే. మన శరీరం కూడా వాహకమే. 1730లో గ్రే ఒక బాలుణ్ణి బంధకమైన తాళ్లతో వేలాడదీసి ఈ సంగతి నిరూపించాడు.

మన చేతితో రుద్దకుండానే ప్రకృతిలో ఆవేశాలు వేరుపడుతూ ఉంటాయి. హొగెనకల్ వద్ద కావేరి బండల మీద పడి తుంపరలుగా చెదరడం మీలో చాలామంది చూసి ఉంటారు. ఇలా నీటిబొట్లు పగిలినప్పుడు ఆవేశాలు వేరుపడతాయనీ, జలపాతాల దగ్గరి గాలికి ఋణావేశం వస్తుందనీ 1892లో లెనార్డ్ అనే శాస్త్రజ్ఞుడు వివరించాడు. ఉరుముల మేఘంలో మంచుపలుకులు, మెత్తని వడగండ్లు ఒకదానితో ఒకటి రాసుకుంటాయి. తేలికైన పలుకులు ధనావేశంతో పైకి పోతాయి. బరువైన వడగండ్లు ఋణావేశంతో అడుగు భాగాన చేరుతాయి. మేఘానికీ నేలకూ నడుమ ఉన్న గాలి బంధకం. కాని బంధకానికీ ఒక హద్దు ఉంటుంది. ఆవేశం ఆ హద్దు దాటినప్పుడు గాలిని చీల్చుకొని నేలకు దూకుతుంది. అదే పిడుగు. ఆ దారిలోని గాలి సుమారు 30,000 డిగ్రీల సెల్సియస్ వరకు వేడెక్కి ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది. ఆ చప్పుడే ఉరుము.

కిలోమీటర్ల మందం గల గాలినే చీల్చగలిగిన పిడుగుకు మన కాలి రబ్బరు చెప్పులు ఒక లెక్కా? మన దేశంలో ఏటా రెండు వేలమందికి పైగా పిడుగుపాటుకు బలి అవుతున్నారు. వారిలో చాలామంది పొలాల్లో పనిచేసేవారు, పశువులను మేపేవారు. ఉరిమినప్పుడు అర్జునుని పేర్లు తలుచుకోవడం మన ఇళ్లలో అలవాటు. అది ధైర్యాన్ని ఇస్తుంది. ధైర్యంతో పాటు జాగ్రత్త కూడా కావాలి.

మెరుపు కనిపించిన 30 సెకన్లలోపు ఉరుము వినిపిస్తే ప్రమాదం దగ్గరలో ఉందని తెలుసుకోండి. వెంటనే పక్కా ఇంటిలోకిగాని, అద్దాలు మూసిన బస్సులోకిగాని వెళ్లండి. బస్సు లోహపు కప్పు ఆవేశాన్ని వెలుపలి నుండే నేలకు పంపుతుంది. చింతచెట్టు కింద నిలబడకండి. చెట్టు ఎంత ఎత్తయితే అంత ప్రమాదం. చెరువులో ఉంటే బయటికి రండి. ఇనుప కంచెకు దూరంగా ఉండండి. చివరి ఉరుము తరువాత 30 నిమిషాలు ఆగి బయటికి రండి.

మరొక్క మాట. పిడుగు తగిలిన మనిషిని ముట్టుకుంటే మనకూ షాకు కొడుతుందని కొందరు భయపడి దూరంగా నిలబడతారు. అది వట్టి భయం. శరీరం వాహకం కాబట్టి ఆవేశం క్షణంలో నేలలోకి పోయి ఉంటుంది. వెంటనే పెద్దలను పిలిచి, ఆ మనిషిని సురక్షితమైన చోటికి చేర్చి, 108కి ఫోను చేయించండి. ఊపిరి ఆగితే, నేర్చినవారు ఛాతీని నొక్కి ఊపిరి అందించాలి. ఆ కొద్ది నిమిషాల సాయం ఒక ప్రాణాన్ని నిలపవచ్చు.