బాటసారికి నీళ్లు, ఎడ్లకు నీళ్లు

పల్నాటి రేగడి చేలనుండి ప్రత్తి బోరేలను, మిరపకాయ బస్తాలను ఎడ్లబండ్లపై గుంటూరునకు తోలుకొని వచ్చిన దినములలో బండివాని ప్రయాణము కోసులతో గాక, నీళ్లున్న మజిలీలతో లెక్కకు వచ్చెడిది. ప్రొద్దు వాలిన పిమ్మట బండి కట్టి, రాత్రంతయు నడిపి, తెల్లవారుజామున ఏ చెరువుగట్టునో ఏ సత్రము ముంగిటనో కాడి దించెడివాడు. దించిన వెంటనే తన సద్దిమూట విప్పెడివాడు కాడు. ముందు ఎడ్లను నీటి యొద్దకు నడిపించెడివాడు. ఎద్దు మూతి ఆనించి, వాసన చూచి, తల త్రిప్పుకొన్నచో ఆ నీటిని తానును శంకించెడివాడు. పశువు త్రాగిన నీరు మనిషికిని పనికివచ్చునని, పశువు రోసిన నీరు మనిషికిని తగదని అతని నమ్మకము. ఆ పరీక్షలో సగము సత్యమున్నది. తక్కిన సగము ఎంత ప్రమాదకరమైనదో తేలినదియు ఈ సీమలోనే.

నేడు ఆ బాటలపై లారీలు, బస్సులు, కారులు పరుగెత్తుచున్నవి. మిరప యార్డునకు సరకు తెచ్చిన రైతు, పరీక్ష వ్రాయవచ్చిన విద్యార్థి, సెలవులకు సొంత ఊరు బయలుదేరి ఇంటి కుక్కను గూడ వెనుకసీటులో కూర్చుండబెట్టుకొన్న కుటుంబము, అందరును ఎక్కడనో ఒకచోట కుళాయి ముందు నిలుచుందురు. “ఈ నీరు త్రాగవచ్చునా? దీనికి పోయవచ్చునా?” అన్న ప్రశ్న పుట్టును. ప్రక్కనున్న దుకాణదారుడు “మేమందరము త్రాగుచున్నాము గదా!” అనును. అతడు చెప్పినది అబద్ధము కాదు. అయినను అది ప్రశ్నకు సమాధానమును కాదు. ఒక ఊరిలో ముప్పది యేండ్లు త్రాగువానికి నీరు చేయు అపకారము వేరు. ఒక పూట త్రాగి పోవువానికి చేయు అపకారము వేరు. ఈ రెంటిని ఒకటిగా భావించుటచేతనే మంచినీటిని గూర్చిన మన మాటలలో సగము గందరగోళము.

ఈ మైదానములలో నీటికథ మొదటినుండియు సులభమైనది కాదు. నల్లరేగడి నేల వానను పీల్చి ప్రత్తికిని మిరపకును దాచి పెట్టగలదు గాని, దానిలో బావి త్రవ్వినచో పెక్కుచోట్ల ఉప్పునీరే పడును. అందుచేతనే ఊరూర మంచినీటి చెరువు ప్రత్యేకముగా నుండెడిది. ఆ గట్టుపై బట్టలుదుకుట, పశువులను కడుగుట నిషేధము; ఈ కట్టుబాటును చదువురానివారు సైతము పాటించెడివారు. 1832–33లో వచ్చిన నందన కరువున గుంటూరు సీమ ఊళ్లకు ఊళ్లే పాడుపడినవి. కృష్ణపై బెజవాడ యొద్ద ఆనకట్ట 1855లో పూర్తియైన తరువాత డెల్టాకు నది నీరు అందినది. ఆ పాత ఆనకట్ట స్థానమున ప్రకాశం బ్యారేజి 1957లో వెలసినది. మెట్టప్రాంతములు మరికొంత కాలము వేచియుండవలసి వచ్చినది. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరము కాలువలకు 1967 ఆగస్టు 4న నీరు విడువబడినది. కుడికాలువ వెంబడి నున్న ఊళ్ల చెరువులు దానితో నిండినవి. కాని కనిగిరి వైపు నున్న ఎఱ్ఱచెక్క మెట్టలు, రాతినేలలు కాలువకు దూరముగానే మిగిలినవి. అక్కడ నూతి నీరే గతి. నూయి ఎండినచో మరింత లోతునకు దింపిన గొట్టపుబావి గతి.

ఎద్దు ముక్కునకు అందని సత్యము బయటపడినది ఆ రాతినేలలలోనే.

దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతములు అప్పుడు నెల్లూరు జిల్లాలో నుండెడివి. ప్రకాశం జిల్లా 1970లో గాని ఏర్పడలేదు. అక్కడి రైతులు మొదట గమనించినది తమ రోగమును గాదు, ఎడ్ల రోగమును. బలిష్ఠములైన కాడియెడ్లు చిన్న వయసుననే కీళ్లు బిగిసి, అడుగు తీసి అడుగు వేయలేక, దుక్కికి పనికిరాకుండ పోవుచుండెడివట. మేతలోపమని కొందరు, గాలి సోకెనని కొందరు అనుకొన్నారు. ఆ తరువాతనే అదే బిగువు, అదే వంకర మనుష్యుల వెన్నులోను మెడలోను గుర్తింపబడినది. మద్రాసు రాజధానిలోని ఈ వ్యాధిని గూర్చి హెచ్. ఇ. షార్ట్ అను వైద్యుడు, ఆయన సహచరులు 1937లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రిసెర్చ్ అను పత్రికలో ప్రకటించినారు. దానికి కారణము నీటిలోని ఫ్లోరైడ్. భారతదేశములో ఫ్లోరోసిస్ వ్యాధి చరిత్ర వ్రాయువారందరును ఈ ఊళ్ల పేరుతోనే మొదలుపెట్టుదురు. అంతకు కొంచెము ముందు, 1934లో, హైదరాబాదు సంస్థానమందలి పశువులలో ఇట్టి వ్యాధియే వర్ణింపబడినది. రెండుచోట్లను ముందు సాక్ష్యము చెప్పినది నోరులేని జీవమే.

అక్కడి ఎడ్లు ఆ నీటిని చూచి తల త్రిప్పుకొనలేదు. త్రిప్పుకొనుటకు కారణమును లేదు. నీరు తేటగా నుండును, చల్లగా నుండును, వాసన యుండదు. ఎండలో నడచి వచ్చినవానికి అది అమృతమే. నేలలోని రాళ్లలో నిమిడియున్న ఖనిజములనుండి ఫ్లోరైడ్ మెల్లమెల్లగా నీటిలోనికి దిగును. సున్నము తక్కువగానుండి క్షారగుణము హెచ్చుగానున్న నీటిలో మరింత సుళువుగా దిగును. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టినది. భారతీయ ప్రమాణము 1 మిల్లీగ్రాము చాలునని, వేరు దారి లేనప్పుడు 1.5 వరకు ఓర్వవచ్చునని చెప్పుచున్నది. ఆ హద్దు దాటిన నీటిని పసితనమున త్రాగిన పిల్లల పండ్లపై సుద్దమచ్చలు, పిదప గోధుమవన్నె చారలు పడును. 3 నుండి 6 మిల్లీగ్రాముల నీటిని ఏండ్ల తరబడి త్రాగినచో ఎముకలు చెడును. 10 దాటినచో అంగవైకల్యము సంభవించును.

విద్యార్థులు ఒక సంగతి ప్రత్యేకముగా గుర్తింపవలెను. నీరు కాచినచో క్రిములు చచ్చును గాని ఫ్లోరైడ్ పోదు. నీరు ఇగిరినకొద్దీ మిగిలిన నీటిలో దాని పాలు కొంత హెచ్చును గూడ. “మేము కాచి త్రాగుచున్నాము” అని ధైర్యముగా చెప్పుకొను గృహిణి ఒక శత్రువును చంపి, రెండవదానిని పదిలపరచినట్లగును. దీనిని కనుగొనుటకు నాలుక చాలదు, రసాయనము కావలెను. జిర్కోనియము–అలిజరిన్ రంగుద్రవమును చేర్చినప్పుడు గులాబివన్నె పసుపుగా మారినకొద్దీ ఫ్లోరైడ్ హెచ్చినట్లు గుర్తు. ఉన్నతపాఠశాల ప్రయోగశాలలో చేయదగినంత తేలికైన పరీక్ష యిది.

అయితే బాటసారి భయపడవలసినది దీనికి గాదు. రెండుదినములు కనిగిరిలో నుండి పోవువాని ఎముకలకు, వాని కుక్క ఎముకలకు ఆ నీరు చేయగల అపకారము లెక్కలోనికి రాదు. బాటసారి శత్రువు క్షణములలో పనిచేయు క్రిమి. 1854లో లండనులో జాన్ స్నో అను వైద్యుడు బ్రాడ్ స్ట్రీట్ నీటిపంపు చుట్టును కలరా మరణములను లెక్కించి చూపినది, 1884లో రాబర్ట్ కాక్ కలకత్తాలో ఒక చెరువునీటి యందు కనుగొన్నది ఈ శత్రువునే. ఇది పాతకథ యని త్రోసివేయుటకు వీలులేదు. 2018 మార్చిలో గుంటూరు పాతబస్తీ ప్రాంతములలో అతిసారము వ్యాపించి పదిమందికి పైగా మరణించినారు. కుళాయి గొట్టములలో మురుగు కలియుటయే కారణమని అప్పుడు తేలినది. నగరమునకు వచ్చునది కృష్ణ నీరే. శుద్ధిచేసి, క్లోరిన్ కలిపి పంపునదే. లోపము నదిలో లేదు, దారిలో నున్నది.

ఆ దారిని కొంచెము నిదానించి చూడవలెను. మన పట్టణములలో కుళాయి దినమంతయు రాదు. ఒక గంటయో రెండు గంటలో వచ్చి ఆగిపోవును. నీరు నిండుగా ప్రవహించునంతసేపు గొట్టములోని ఒత్తిడి బయటి మురుగును లోనికి రానీయదు. చిల్లి యున్నను నీరు బయటికి కారును గాని మురుగు లోనికి చొరదు. నీరు ఆగి గొట్టము ఖాళీయగునప్పుడు ఈ క్రమము తలక్రిందులగును. ప్రక్కనే పారు కాలువలోని మురుగును అదే చిల్లి లోనికి పీల్చుకొనును. మరునాటి ఉదయము మొదటి బిందెలో పడునది అదే. మొదట వచ్చిన నీటిని కొంతసేపు వదలివేయు పాత ఇల్లాలి అలవాటునకు ఇంతటి శాస్త్రార్థమున్నది. మురుగు కలిసిన నీటికి అదొక్కటే చాలునని మాత్రము ఎవరును అనుకొనరాదు. కుళాయి చివర లీటరునకు కనీసము 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి యుండవలెనని నియమము. ఆ స్వల్పమైన మందువాసనను చూచి ముఖము చిట్లించు ప్రయాణికుడు తనకు కాపలాయున్న జవానును తరిమివేసినవాడగుచున్నాడు.

పూర్వపు యాత్రికులు ఈ విషయమున మనకంటె జాగరూకులు. 1830 మే నెలలో చెన్నపట్నము విడిచి, 1831 సెప్టెంబరులో తిరిగి చేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారి “కాశీయాత్ర చరిత్ర”లో మజిలీల నీటివసతి ముచ్చట మాటిమాటికి కనబడును. పెద్ద పరివారముతో నడచువానికి నీరు మొదటి చింత గదా! నిన్నమొన్నటి వరకు రైలుప్రయాణమునకు మరచెంబు లేక బయలుదేరిన కుటుంబము లేదు. ఇంటి నీరు ఇంటినుండియే వెంటవచ్చెడిది. చెరువునీరు బురదగా నున్నచో ఇండుపగింజను అరగదీసి కలిపి తేర్చుకొనెడివారు. మడ్డి అడుగున దిగి నీరు తేటపడును. కాని తేటనీరు వేరు, శుద్ధమైన నీరు వేరు. కంటికి కనబడు మన్ను దిగినంత మాత్రమున కనబడని క్రిమి యంతయు దిగదు. నీరు బాగుగా తెర్లి, బుడగలు ఎగసిన పిమ్మట ఒక నిమిషము కాగినచో ఆ క్రిములు నశించును. ప్రయాణికునకు అంతకంటె నమ్మదగిన ఉపాయము లేదు; మూత సడలని సీసా దాని తరువాతిది.

ఇక వెంటవచ్చిన జీవము మాట. యజమాని త్రాగదగిన కుళాయి నీరు కుక్కకును తగినదే. అందలి క్లోరిన్ దానికి హాని చేయదు. యజమాని త్రాగుటకు జంకిన నీరు దానికిని పోయరాదు. “కుక్కకేమి, గుంటలో నీరైనను అరిగించుకొనును” అన్నది లోకములో పాతుకొనిపోయిన మాట. వీధికుక్కలలో ఎన్ని గుంటనీటికి బలియైనవో ఎవరు లెక్కించినారు? ఎలుకల మూత్రము కలిసిన నిలువనీటి వలన లెప్టోస్పైరా అను సూక్ష్మజీవి కుక్కకును మనిషికిని సోకును. అతిసారము కలిగించు జియార్డియా యును అట్లే. మిరపచేల నడుమ బండి ఆపినప్పుడు మరియొక భయము కలదు. మందు పిచికారి చేసిన పిమ్మట డబ్బాలు, పంపులు కడిగిన కాలువనీరు చూచుటకు మామూలు నీటివలెనే యుండును. కుక్కకు చెమట ద్వారా ఒడలు చల్లబరచుకొను శక్తి స్వల్పము. నాలుక వ్రేలవేసి రొప్పుటయే దాని ఉపాయము. అందువలన సామాన్యదినములలో కిలో బరువునకు 50, 60 మిల్లీలీటర్ల నీరు చాలునది, రోహిణీకార్తె ఎండలో అంతకు ఎక్కువయే కోరును. దాని కొక గిన్నె, ఇంటినుండి నింపిన ఒక సీసా వేరుగా పెట్టుకొనుట కష్టమైన పని గాదు.

మజిలీ ప్రయాణికుని పని ఇంతటితో తీరును. ఆ ఊరిలోనే యుండువారి పని తీరదు. పటిక, సున్నము కలిపి ఫ్లోరైడ్‌ను దింపు నల్లగొండ పద్ధతిని నాగపూరులోని జాతీయ పరిశోధనాసంస్థ 1970 దశకమున రూపొందించినది. తరువాత సన్నని పొరగుండ నీటిని ఒత్తి వడకట్టు యంత్రములు వచ్చినవి. నేడు మెట్టఊళ్లలో ఇరువది లీటర్ల క్యానులు మోసుకొని పోవుట సామాన్యదృశ్యము. ఆ యంత్రము నీటిని రెండు పాయలుగా చీల్చును. ఒక పాయ క్యానులోనికి పోవును. లవణములు, ఫ్లోరైడ్ చిక్కబడిన రెండవ పాయ బయటికి పోవును. వృథా యేల యని ఆ రెండవ పాయను పశువుల తొట్టికి మళ్లించినచో మనిషి నోటినుండి తీసిన విషము ఎద్దు నోటికి పెట్టినట్లే. క్యాను కొనగలవాడు తన బిడ్డకు కొనుచున్నాడు. తొట్టిలో ఏ నీరు నిండుచున్నదో విచారించువారు అరుదు.

సంతలో ఎడ్లు కొనువాడు నేటికిని మొదట దాని నోరు తెరచి పండ్లు చూచును. వయసు లెక్కించుటకే యైనను, ఫ్లోరైడ్ నీటి సీమలో పెరిగిన ఎద్దు పండ్లపై గుంతలు, గోధుమమచ్చలు, అకాలపు అరుగుదల అతని కంట పడును; బేరము తగ్గును. అదే ఊరి పాఠశాలలో, మొదటి బల్లపై కూర్చున్న పిల్లవాడు పాఠము చదువుటకు నోరు తెరచినప్పుడు, ఉపాధ్యాయునకు కనబడునదియు ఆ మచ్చలే.