మేస్త్రీ చెయ్యి ఎక్కడ ఆగింది?

గోడ పనిని కొలవడం తేలికే. సాయంత్రం టేపు పట్టి పొడవు, ఎత్తు, మందం గుణిస్తే ఘనమీటర్లొస్తాయి. దాన్ని మనుషుల సంఖ్యతో భాగిస్తే తలకెంత పనయిందో తెలుస్తుంది. ఉత్పాదకత అంటే ఇదే. సైటు ఇంజనీరుగా కొత్తలో ఆ అంకె తగ్గినప్పుడల్లా మేస్త్రీని మందలించేవాణ్ణి.

ఒకరోజు విజయవాడలో మూడో అంతస్తు పరంజా పక్కన నిలబడి, ఐదు నిమిషాలకోసారి తాపీమేస్త్రీ ఏం చేస్తున్నాడో రాసుకున్నాను. గంటలో 12 గుర్తులు. ఇటుక పేర్చుతున్నవి 5. ఇటుక కోసం కిందికి వంగినవి 2. పరంజా జరిపింది 1. మిగిలిన 4 సార్లూ ఖాళీ తట్ట ముందు నిలబడే ఉన్నాడు.

"మాలు పైకి రాకపోతే దేంతో కట్టమంటారు సార్?" అన్నాడు.

కింద మాలు కలిపేవాళ్లు ఇసుక కోసం చూస్తున్నారు. ఇసుక లారీకి ముందురోజే చెప్పాల్సింది నేను. అన్నాళ్లూ నా తప్పుకి అతన్ని తిట్టాను. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

ఇక ఇటుక కోసం వంగడం సంగతి అమెరికాలో ఫ్రాంక్ గిల్‌బ్రెత్ ఎప్పుడో పట్టుకున్నాడు. 1885లో తాపీపని నేర్చుకోవడానికి చేరిన కుర్రాడు. ఒక్క ఇటుకకు మేస్త్రీ 18 కదలికలు చేస్తున్నాడని లెక్కపెట్టి, వాటిని 5కి తగ్గించాడు. ఇటుకలూ మాలూ నడుమెత్తున అందేలా, గోడతోపాటు పైకి జరిగే పరంజా తయారుచేశాడు. గంటకు 120 ఇటుకలు పేర్చే మనిషి 350 పేర్చగలిగాడని పని పద్ధతులను అధ్యయనం చేసిన ఫ్రెడరిక్ టేలర్ 1911లో రాశాడు. మనిషిని తరిమి సాధించింది కాదిది, అతని నడుముకు విశ్రాంతినిచ్చి సాధించింది. నాకు గిల్‌బ్రెత్ మీద గౌరవం అందుకే.

ఎదురుచూపులకు మందు, నిర్మాణ పనుల ప్రణాళిక కోసం గ్లెన్ బల్లార్డ్ రూపొందించిన పద్ధతిలో దొరికింది. వారం మొదట్లో చేస్తామన్న పనుల్లో శనివారానికి ఎన్ని పూర్తయ్యాయో శాతం కట్టాలి. ఆగిన ప్రతి పనికీ కారణం రాయాలి. సామాను, మనుషులు, నక్షా అన్నీ చేతికందితేనే ఆ పనిని వారం జాబితాలో చేర్చాలి.

ఇప్పుడు నా సైట్లో ఇటుకలు బల్లమీద పేర్చి ఉంటాయి. శనివారం మేస్త్రీలతో కూర్చుని పనెందుకు ఆగిందో వాళ్ల నోటే విని రాస్తాను. పోయినవారం మూడు కారణాలు రాశాం. రెండింటి పక్కన నా పేరే ఉంది.